మెట్లు ఎక్కేటప్పుడు లేని వణుకు దిగేటప్పుడు ఎందుకొస్తుంది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారికి 66 ఏళ్లు, స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. రోజూ పొద్దున్నే బీచ్‌రోడ్డులో గంట నడుస్తారు. కిందటి ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ మొత్తం కాలినడకన పూర్తి చేశారు. అంతటి మనిషి మొన్న మెట్లదారిన కొండెక్కి, దర్శనం చేసుకుని, అదే దారిన దిగుతుంటే సగంలో తొడలు గడగడ వణికి మెట్టు మీద కూలబడ్డారు. మర్నాడు పర్లేదనుకుంటే ఆ పైరోజు మంచం దిగడానికే మూలిగారు. ఎక్స్‌రే తీసి గుజ్జు కొంచెం అరిగిందన్నారు. పక్కింటాయన నరాల వీక్‌నెస్ అన్నారు. మీ అన్నయ్య ఇక కొండకి బస్సే అంటున్నారు. ఎక్కేటప్పుడు లేని బాధ దిగేటప్పుడు ఎందుకొచ్చింది, రోజూ నడిచే మనిషికి రావడమేంటి అన్నది మీ సందేహం.

ఇరవై ఆరేళ్లుగా ఈ ఊళ్లో ఫిజియోథెరపీ చేస్తున్నాను. గిరి ప్రదక్షిణ అయిన మర్నాటి నుంచి వారం రోజులు మా గది గుమ్మం దగ్గర చెప్పులు పట్టవు. అందుకని ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మనిషిని చూడకుండా నూటికి నూరుపాళ్లు చెప్పను గానీ, మీరు రాసినదాన్నిబట్టి ఇందులో గుజ్జు పాత్ర తక్కువ, నరాల పాత్ర ఇంకా తక్కువ. (మనవాళ్లు కండరాన్నీ, రక్తనాళాన్నీ, మడమ వెనక చేతికి తగిలే గట్టి తాడునీ అన్నిటినీ నరమనే అంటారు. ఆ మాట పట్టుకుని బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్లు పొడిపించుకున్నవాళ్లని లెక్కలేనంతమందిని చూశాను.) నాన్నగారి ఇంజను బ్రహ్మాండంగా ఉంది. బ్రేకులే చాలా ఏళ్లుగా వాడలేదు. అదెలాగో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే కారణం తెలిస్తేనే చేయాల్సిన పని మీద నమ్మకం కుదురుతుంది.

నడక అంటే కాళ్లతో ఒంటిని ముందుకు తోసుకోవడం అనుకుంటాం. అసలు జరిగేది వేరు. పల్లెల్లో పిల్లలు కాలువ దాటడానికి గెడకర్ర నీళ్లలో పాతి, దాన్ని పట్టుకుని ఊగి అవతలి గట్టున వాలతారు చూడండి, మన కాలు అచ్చంగా ఆ గెడకర్రే. నేలకి ఆనిన కాలు మీదుగా ఒళ్లు పైకి లేచి అవతలికి ఒరుగుతుంది. కాలు నిట్టనిలువుగా ఉన్న క్షణంలో నడుము అన్నిటికన్నా ఎత్తులో ఉంటుంది, రెండు పాదాలూ నేల మీదున్నప్పుడు అన్నిటికన్నా కిందికి దిగుతుంది. ఈ ఎత్తుపల్లాల తేడా నాలుగైదు సెంటీమీటర్లే. కానీ పైకి లేచినప్పుడు కూడిన శక్తి కిందికి ఒరిగేటప్పుడు వేగంగా మారి మళ్లీ మనకే అక్కరకొస్తుంది. మనకి అలవాటైన వేగంలో నడిస్తే ఈ విధంగా దాదాపు 60 శాతం దాకా తిరిగొస్తుంది. గంట నడిచినా నాన్నగారికి ఆయాసం రాకపోవడానికి కారణం అదే. చదునైన నేల మీద నడక ఒంటికి చాలా చవకైన పని.

అదే ఆర్‌.కె. బీచ్‌లో రోడ్డు దిగి పొడి ఇసుకలో నడవమనండి. అదే వేగానికి రెండు రెట్ల పైనే శక్తి ఖర్చవుతుందని కొలిచి చూశారు. పాదం కింద ఇసుక జారిపోతుంది, దాన్ని జరపడానికి పెట్టిన శక్తి ఇసుకకే పోతుంది, తిరిగి రాదు. ఇసుకలో నడవమని నేనిప్పుడు చెప్పడం లేదు లెండి. చదును రోడ్డు మీద గంట నడకని చూసి కాళ్లకి అన్నిరకాల కసరత్తూ అయిపోయిందని అనుకోవద్దని మాత్రమే.

ఇంకో లెక్క. ఒక పాదం మడమ నేలని తాకినప్పటినుంచి మళ్లీ అదే మడమ తాకేవరకు ఒక చుట్టు అనుకుందాం. అందులో 60 శాతం సేపు ఆ పాదం నేల మీద, 40 శాతం సేపు గాలిలో. రెండు పాదాలూ కలిసి నేల మీదుండేది మొత్తం మీద 20 శాతమే. అంటే నడిచే సమయంలో ఐదింట నాలుగు వంతులు మనం కొంగలా ఒంటికాలి మీదే ఉంటాం. గంట నడిస్తే నలభై ఎనిమిది నిమిషాలు! వేగం పెరిగేకొద్దీ రెండు పాదాల సమయం ఇంకా తగ్గుతుంది, పరుగులో అసలే ఉండదు.

ఒంటికాలి మీద నిలబడినప్పుడు ఒళ్లు గాలిలో ఉన్న కాలి వైపు ఒరిగిపోవాలి కదా, ఒరగకుండా పట్టి ఉంచేది తుంటి పక్కన, ప్యాంటు పక్కజేబుకి కాస్త వెనకగా చేయిపెడితే తగిలే కండరం. మీరే నిలబడి అక్కడ వేళ్లు పెట్టి రెండో కాలు ఎత్తి చూడండి, టక్కున గట్టిపడుతుంది. ఇది పిల్లలు ఎక్కి ఊగే తూగుబల్ల లాంటి ఏర్పాటు. కాకపోతే మధ్యబిందువు, అంటే తుంటి కీలు, సరిగ్గా మధ్యలో లేదు. ఒంటి బరువు కీలుకి దూరంగా వాలుతుంది, కండరం దానికి సగం దూరంలోపే పట్టుకుని లాగాలి. దగ్గర్లో కూర్చున్నవాడు దూరంలో ఉన్నవాణ్ణి లేపాలంటే రెట్టింపు బరువుండాలి, ఇదీ అంతే. ఆ లాగుడూ ఒంటి బరువూ కలిసి కీలు మీదే పడతాయి. కృత్రిమ తుంటి కీళ్లలో కొలిచే పరికరాలు అమర్చి చూస్తే మామూలు నడకలోనే ఒంటి బరువుకి రెండున్నర రెట్లకి కాస్త అటూఇటూగా తేలింది. నాన్నగారు 70 కిలోలుంటే ప్రతి అడుగుకీ 170 కిలోల పైమాట. ఈ కండరం బలహీనపడితే ఒంటికాలి మీద నిలబడగానే రెండోవైపు నడుము కిందికి జారుతుంది. జర్మన్ సర్జన్ ట్రెండెలెన్‌బర్గ్ 1895లో చూపించిన గుర్తు ఇది, ఇప్పటికీ మేం మొదట చూసేది ఇదే.

చేతికర్ర సంగతి ఇక్కడే చెప్పేస్తాను. కర్ర ఎప్పుడూ నొప్పి లేని వైపు చేతిలో ఉండాలి. ప్రాక్టీసు మొదలుపెట్టిన ఏడాది ఒక పెద్దావిడకి నొప్పి ఉన్న వైపే కర్ర ఇచ్చి పంపాను. మెట్ల దగ్గర మా సీనియర్ చూసి ఆవిడని వెనక్కి పిలిచి, కర్ర చెయ్యి మార్పించి, నావైపు చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది. తూగుబల్ల లెక్క పుస్తకంలో వేయడం వచ్చుగానీ, కర్ర దూరంగా పెడితేనే కండరానికి సాయమవుతుందని అప్పటిదాకా నా బుర్రకి తట్టలేదు.

ఇక అసలు విషయం. చదును నేల మీద నడిచేటప్పుడు బరువు పడిన మోకాలు వంగేది 15 నుంచి 20 డిగ్రీలు. కాలు గాలిలో ఉన్నప్పుడు 60 డిగ్రీల దాకా వంగుతుంది గానీ అప్పుడు దాని మీద బరువుండదు. గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. అడుగుకి 65 సెంటీమీటర్లు వేసుకున్నా దాదాపు 49 వేల అడుగులు. కొండకింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా మళ్లీ కొండకిందికి వచ్చేదాకా ఈ 49 వేలూ ఇంచుమించు ఒకే రకం అడుగులు. ఎత్తుపల్లాలున్నా అవి రోడ్డు వాలులే. అదే మెట్టు దిగాలంటే పైమెట్టు మీదున్న కాలి మోకాలు మొత్తం బరువు మోస్తూ దాదాపు 90 డిగ్రీల దాకా వంగాలి. 20 డిగ్రీలకి అలవాటుపడ్డ తొడని ఒక్కరోజున, వెయ్యి పైచిలుకు మెట్ల దారిలో, 90 డిగ్రీలు చేయమన్నారు. అదీ ఎక్కి అలిసిపోయాక.

ఎక్కేటప్పుడూ మోకాలు అంతే వంగుతుంది కదా అంటారేమో. వంగుతుంది, కానీ పని వేరు. ఎక్కేటప్పుడు తొడ కండరం పొట్టిగా ముడుచుకుంటూ ఒంటిని లేపుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, సాగుతూనే బిగపట్టి ఒంటిని మెల్లిగా కిందికి వదలాలి. బావిలోకి నిండు బిందె దించేటప్పుడు తాడు కొద్దికొద్దిగా వదులుతాం చూడండి, అరచెయ్యి మండేది అప్పుడే.

ఈ సాగుతూ బిగపట్టే పనిలో ఒక విచిత్రం ఉంది. దీనికి ఖర్చయ్యే ప్రాణవాయువు చాలా తక్కువ. 1952లో ఇంగ్లండులో ముగ్గురు శాస్త్రవేత్తలు రెండు సైకిళ్లని వెనకావెనకా పెట్టి గొలుసుతో కలిపారు. ఒకరు ముందుకి తొక్కుతుంటే రెండోవారు ఆ తొక్కుడుని పెడళ్ల మీద ఆపుతుండాలి. ఇద్దరి మీదా బలం ఒకటే, వేగం ఒకటే. తొక్కినవాళ్లు రొప్పారు, ఆపినవాళ్లకి అందులో కొద్దిపాటి శ్రమే పట్టింది. చిన్నపాటి ఆడమనిషి కూర్చుని ఆపుతుంటే బలమైన మగవాడు తొక్కలేక అలిసిపోయాడు. నాన్నగారి ఊపిరి, గుండె దిగేటప్పుడు ఏ హెచ్చరికా ఎందుకు ఇవ్వలేదో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, మనిషి తనంతట తాను ఆగుతాడు. దిగేటప్పుడు ఆయాసం రాదు, మాటలు చెప్పుకుంటూ దిగేస్తాడు, తొడలోపల దెబ్బ తగులుతున్న సంగతే తెలియదు.

ఆ దెబ్బ ఎక్కడంటే, కండరం లోపల సన్నటి పోగులు రెండు రకాలు ఒకదానిలోకి ఒకటి జారుతూ ఉంటాయి. 1954లో రెండు బృందాలు విడివిడిగా తేల్చిన సంగతి ఇది. ఒక రకం పోగుల మీదున్న చిన్నచిన్న కొక్కేలు రెండో రకాన్ని పట్టి లాగుతాయి. దిగేటప్పుడు ఈ పట్టిన కొక్కేలని బరువు బలవంతంగా వెనక్కి లాగుతుంది. ఒక్కో కొక్కెం మీద పడే లాగుడు ఎక్కువ, పనిచేసే పోగులు తక్కువ. అలవాటు లేని కండరంలో కొన్నిచోట్ల అల్లిక చెదురుతుంది. దానికి వాపు, సలుపు మొదలయ్యేది కొన్ని గంటల తర్వాత, బాగా తెలిసేది ఒకటి నుంచి మూడు రోజుల మధ్య. నాన్నగారికి రెండోరోజు మంచం దిగడం కష్టమవడం సరిగ్గా ఈ లెక్కే. లాక్టిక్ యాసిడ్ పేరుకుందని జిమ్ కుర్రాళ్లు చెప్తారు. అది గంటా గంటన్నరలో సర్దుకునేది, రెండో రోజు దాకా కూర్చోదు.

మంచి కబురేంటంటే ఒకసారి ఇలా నొచ్చిన కండరం బాగుపడ్డాక అదే పనికి అంతగా నొవ్వదు. ఒక్కసారి చేస్తే వచ్చిన రక్షణ కొన్ని వారాలు ఉంటుంది. ఇంకో మంచి కబురు, వయసుతోపాటు లేపే బలం తగ్గినంతగా ఈ ఆపే బలం తగ్గదు. అరవై ఆరేళ్ల తొడకి బ్రేకులు ఇంకా ఉన్నాయి, వాడకం లేదు, అంతే.

మా గది ముందు నాలుగు మెట్లున్నాయి. నా దగ్గర అన్నిటికన్నా పనికొచ్చే పరికరం అవే. ఈమధ్య ఒక రిటైర్డ్ మాస్టారిని వాటి మీద నిలబెట్టి, మోకాలి పైన నా అరచెయ్యి ఆనించి దిగమన్నాను. మోకాలు సగం వంగేదాకా తొడ చేతికింద రాయిలా నిలకడగా ఉంది. ఆ తర్వాత చేపపిల్ల కొట్టుకున్నట్టు అదురు మొదలైంది. ఆఖరి రెండంగుళాలు ఆయన దిగలేదు, పడ్డారు. కింది పాదం ధబ్‌మని ఆనింది. వేరే ఎక్కడో కాదు, ఆ రెండంగుళాల దగ్గరే ఆయన బ్రేకు వదిలేస్తున్నారు. మీరు నాన్నగారి వెనక నిలబడి చూడక్కర్లేదు, ఇంట్లో కూర్చుని ఆయన మెట్లు దిగే చప్పుడు వినండి. ప్రతి మెట్టుకీ ధబ్ ధబ్ అంటే సంగతి అర్థమైనట్టే. బాగా దిగే మనిషికి ముందు మునివేళ్లు ఆనతాయి, పిక్క బరువు అందుకుంటుంది, మడమ తర్వాత నిశ్శబ్దంగా వాలుతుంది.

బ్యాలెన్సు గురించి కొంచెం. నిలబడడానికి మనకి మూడు ఆధారాలు: కళ్లు, చెవి లోపలి తూనికరాళ్లూ అర్ధవలయ గొట్టాలూ, పాదాలనుంచి కీళ్లనుంచి వచ్చే కబురు. రెండు బాగుంటే మూడోదాని లోటు కప్పిపుచ్చుకుంటాం. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నప్పుడు తూలుతున్నారంటే పాదాల కబురు సరిగా అందడం లేదని అనుమానించాలి. షుగర్ ఉన్నవాళ్లలో ఇది మామూలు. నాన్నగారికి షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే పాదాల స్పర్శ ఒకసారి పరీక్ష చేయించండి, ఐదు నిమిషాల పని.

కళ్లజోడు బైఫోకలా? అయితే ఇది చాలా ముఖ్యం, ఎవరూ అడగరు. మెట్లు దిగేటప్పుడు కిందికి చూస్తాం, కిందికి చూస్తే జోడులోని చదువుకునే భాగంలోంచి చూస్తాం. అది మూరెడు దూరంలో ఉన్న పేపరుకి చేసిన అద్దం. ఆరేడు అడుగుల దూరంలోని మెట్టు అంచు అందులో అలుక్కుపోయి కనబడుతుంది. అంచు కనబడకపోతే మనిషి బిగుసుకుపోతాడు, బిగుసుకున్న తొడ ఇంకా తొందరగా అలిసిపోతుంది. కొండకి వెళ్లేటప్పుడు దూరపు చూపుకి విడిగా ఒక జోడు చేయించుకుంటే ఆ తేడా ఆయనకే తెలుస్తుంది.

ఇప్పుడేం చేయాలి. ముందు నొప్పి పూర్తిగా తగ్గనివ్వండి, సాధారణంగా వారంలోపు తగ్గుతుంది. నడక మానొద్దు. తర్వాత, చేతులు లేని గట్టి కుర్చీ గోడకి ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనండి. పదిహేను సెకన్లు దాటితే కాళ్లకి పని కావాలని లెక్క. అదే కుర్చీని మందుగా వాడాలి. లేవడం ఎలాగైనా లేవచ్చు. కూర్చోవడం మాత్రం మనసులో నాలుగు లెక్కపెట్టుకుంటూ, ఆఖరి రెండంగుళాలు కుర్చీలో కూలబడకుండా. మొదటి వారం ఎనిమిది చొప్పున రెండు విడతలు, రోజు విడిచి రోజు. మర్నాడు కొద్దిగా సలిపితే పర్లేదు, నడక మారేంత నొప్పయితే ఎక్కువైనట్టు.

రెండు వారాలయ్యాక కింది మెట్టు. రెయిలింగు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదం చప్పుడు కాకుండా నేలకి ఆనించి మళ్లీ పైకి. మోకాలు లోపలికి ఒరగకూడదు, అది పాదం రెండో వేలి వైపు చూస్తూ ఉండాలి. మడమలెత్తి మెల్లిగా దించడం పిక్కకి. బీచ్‌రోడ్డులో నడక అయ్యాక సముద్రం పక్క పిట్టగోడ మీద ఒక వేలు ఆనించి ఒక్కో కాలి మీద పది సెకన్లు, చుట్టూ చూసి నవ్వేవాళ్లుంటే నవ్వనివ్వండి. మీది అపార్టుమెంటయితే ఆయన లిఫ్టులో ఎక్కి మెట్ల మీద దిగాలి. అందరూ చెప్పేదానికి ఇది తిరగేసిన సలహా అని నాకు తెలుసు. ఒక అంతస్తుతో మొదలుపెట్టి నెలన్నరకి నాలుగు దాకా వెళ్లొచ్చు, రెయిలింగు మీద చెయ్యి మాత్రం ఎప్పుడూ ఉండాలి.

గుజ్జు విషయం. ఆ వయసులో ఎక్స్‌రే తీస్తే కొంత అరుగుదల చాలామందికి కనబడుతుంది, నొప్పే లేనివాళ్లకి కూడా. మోకాలు వాచడం, మధ్యలో పట్టేసి చాపలేకపోవడం లేకపోతే దాన్ని చూసి కొండ మానుకోనక్కర్లేదు.

అయితే కొన్ని ఉంటే నా కుర్చీ లెక్క పక్కనబెట్టి ముందు డాక్టరుకి చూపించండి. ఒక కాలే ఉన్నట్టుండి బలహీనపడటం, మాట తడబడటం అయితే ఆ క్షణమే ఆస్పత్రికి. కొంతదూరం నడవగానే పిక్క పట్టేసి, నిలబడగానే వదిలేస్తుంటే రక్తనాళాలు చూపించాలి. దిగేటప్పుడు, నిటారుగా నడిచేటప్పుడు కాళ్లు తిమ్మిరెక్కి, ముందుకి వంగితే లేదా కూర్చుంటే హాయిగా ఉంటే అది నడుములో వెన్ను దారి ఇరుకవడం కావచ్చు. అది కూడా ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడే ఎక్కువ బాధిస్తుంది, అందుకే అడుగుతున్నాను. కొలెస్ట్రాల్ మాత్రలు కొత్తగా మొదలుపెట్టి తొడలు నొస్తున్నా డాక్టరుకి చెప్పాలి, సొంతంగా ఆపేయొద్దు. మూత్రం కోకోకోలా రంగులో వస్తే ఆ పూటే వెళ్లాలి.

అన్నయ్యకి చెప్పండి, ఈ రెండు నెలలూ కొండ ఎక్కడానికి కాళ్లూ దిగడానికి బస్సూ అని కాస్త సర్దుకోవచ్చు. తర్వాత ఒకసారి బస్సులో పైకెళ్లి, సగం దారి మాత్రం మెట్ల మీద దిగి చూడమనండి, మధ్యమధ్య కూర్చుంటూ.

చివరగా, నాన్నగారు రోజూ నడకకి వేసుకునే చెప్పులు తిరగేసి అడుగుభాగం ఫొటో పంపండి. మడమ బయటి అంచు అరిగి ఉంటే అది మామూలే. ముందు బొటనవేలి కొస అరిగినా, ఒక చెప్పు రెండోదానికన్నా బాగా అరిగినా నేను చెప్పిన వ్యాయామాల వరస మారుతుంది. నడిచేటప్పుడు గాలిలో ఉన్న పాదం నేలకి ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తులోనే దాటుతుంది. అది కూడా తగ్గిపోతుంటే ముందుగా చెప్పు కొస మీదే తెలిసిపోతుంది. కొత్త చెప్పులైతే వద్దు, గుమ్మం వెనక పడేసిన పాతవి వెతకండి.